జయమ్మ సాక్ష్యం

వేళ్ళు ఇంకా విడలేదు. జయమ్మ వేడినీళ్ళ గిన్నెలో రెండు చేతులూ ముంచుకుని, గోడకు ఆనుకుని, తలుపు గడియ వైపే చూస్తూ కూచుంది. గడియ వేసే ఉంది. తనే వేసింది, రెండుసార్లు లాగి చూసింది కూడా. అయినా కళ్ళు అటే పోతున్నాయి.

తెల్లవారుజామున ఐదున్నర. కుడిచేతి నాలుగు వేళ్ళూ చిటికెనవేలి వైపుకు ఒరిగిపోయి ఉన్నాయి, గాలికి వాలిన జొన్నకర్రల్లాగా. మణికట్ల మీద ఉబ్బు. రాత్రి ఎట్లా ముడుచుకుని పడుకుంటుందో పొద్దున్నే అవి అట్లాగే బిగుసుకుపోయి ఉంటాయి. అరగంట నానబెడితే పిడికిలి విడుతుంది, ఇంకో అరగంటకు చెంబు పట్టుకోవడం కుదురుతుంది. ఆ గంటసేపూ ఆమె ఇంటి తలుపు తెరుచుకోదు. పక్కింటివాళ్ళు జయమ్మ ప్రార్థనలో ఉందనుకుంటారు. ప్రార్థన కూడా చేస్తుంది కానీ అందులో సగం, ఎవరూ తలుపు తట్టకూడదనే.

ఆళ్ళగడ్డలో చర్చి వెనక వీధి అంతటికీ జయమ్మ ప్రార్థనతో స్వస్థత పొందిన మనిషి. అటువంటి మనిషి వేడినీళ్ళలో చేతులు ముంచుకుని మూలుగుతూ కూచుంటే చూడడానికి ఏం బాగుంటుంది?

చేతులు తుడుచుకుని, బియ్యం డబ్బాలో అడుగుదాకా చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన మాత్రల అట్టలు బయటికి తీసింది. రోజూ వేసుకునేవి రెండు రకాలు. వారానికి ఒక్కసారి వేసుకునేది ఇంకొకటి, పసుపుపచ్చది. నంద్యాల డాక్టరమ్మ వారంలో ఏదో ఒక రోజు గుర్తు పెట్టుకోమంటే జయమ్మ నోటికి ఆదివారమే వచ్చింది. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఆరాధన అయిపోయాక ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, ఆ పసుపు మాత్ర మింగుతోంది. మింగేటప్పుడు ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది.

మనిషికి పేరు రావడం అంటే ఏమిటో జయమ్మకు యాభై ఏళ్ళదాకా తెలియదు. పుట్టింది గోస్పాడులో. పెళ్ళయి ఆళ్ళగడ్డ వచ్చింది. భర్త జ్ఞానప్రకాశం లారీ మీద క్లీనరుగా పోయేవాడు, జ్వరంతో వారం మంచాన పడి పోయాడు. కూతురు జెస్సికా అవుకులో కాపురం ఉంటోంది. ఇరవై రెండేళ్ళుగా విశ్వేశ్వరయ్య శిల్పాల షెడ్డులో జయమ్మది ఒకటే పని, చెక్కిన రాతిబొమ్మను నీళ్ళు పోసి సానరాళ్ళతో నున్నగా రుద్దడం. చెక్కినవాడి పేరు పీఠం కింద ఉంటుంది. రుద్దినవాళ్ళ పేరు ఎవరూ అడగరు. చర్చిలోనూ అంతే, చాపలు పరిచేది, ఎత్తేది.

మూడేళ్ళ కిందట చర్చివాళ్ళు పెట్టిన ఉజ్జీవ కూటాల్లో, ఆ ప్రార్థన సభల్లో, ఆమె లేచి నిలబడింది. అప్పటికి ఆరునెలలుగా చేతులు పట్టుకుపోయి, అన్నం ముద్ద నోటిదాకా రావడం కష్టంగా ఉండేది. పాస్టరు కృపావరం నూనె రాసి ప్రార్థన చేశాడు. నాలుగో రోజుకు వేళ్ళు తెరుచుకున్నాయి. జయమ్మ రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు చాపి, ముడిచి, అందరికీ చూపించింది. ప్రభువు ముట్టాడని చెప్పి ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. ఆమె చెప్పనిది ఒక్కటే, ఆ వారం మొదట్లోనే నంద్యాలలో కీళ్ళ డాక్టరమ్మ ఒక సూది వేసి, మాత్రలు రాసిచ్చిందని. దాచాలని దాచలేదు. మూడువందల మంది తనవైపు తిరిగి స్తోత్రం అంటుంటే సూది సంగతి నోటికి రాలేదు, అంతే.

మరుసటి నెల ఆ స్వస్థత గురించి సాక్ష్యం చెప్పడానికి సంజామలలో కూటాలకు తీసుకుపోయారు. తర్వాత అవుకు. వేదిక మీద కుర్చీ వేశారు. చెప్పగా చెప్పగా సాక్ష్యం మెరుగులు దిద్దుకుంది. ఒక ఊళ్ళో, 'ఒక్క మాత్ర కూడా మింగలేదు' అన్న మాట తనకు తెలియకుండానే దొర్లిపోయింది. ఆ మాటకే జనం ఎక్కువ కదిలారు. తర్వాతి ఊళ్ళో దాన్ని తెలిసే చెప్పింది. సాక్ష్యం జయమ్మ అని పేరు పడింది. మందులు మానేయమని కృపావరం ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, డాక్టర్లను కూడా దేవుడే ఇచ్చాడు అంటాడాయన. మాత్రలు లేకుండా బాగయ్యానన్న మాట చెప్పింది జయమ్మ ఒక్కతే.

అప్పటి నుంచి నెలకు ఒకసారి గోస్పాడులో అక్కను చూసి వస్తానని చెప్పి నంద్యాల పోయి మందులు తెచ్చుకుంటోంది.

ఏడున్నరకు షెడ్డుకు పోయేసరికి, తనతో పాటు బొమ్మలు రుద్దే బాలమ్మ అప్పుడే వచ్చి కూచుని ఉంది. కూచుని ఉందే కానీ పని మొదలుపెట్టలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, ఊపిరిని ఎవరో అప్పిచ్చినట్టు కొంచెం కొంచెంగా తీసుకుంటోంది. నలభై నాలుగేళ్ళ మనిషి. జయమ్మకు ఉన్న జబ్బే ఆమెకూ ఉంది. ప్రభుత్వాసుపత్రి మాత్రలు వేసుకుంటూ బాగానే ఉండేది. ఏడాది కిందట జయమ్మ సాక్ష్యం రెండోసారి విన్న రోజు, ఆ మాత్రలు మానేసింది. మానేసి మరుసటి రోజు షెడ్డుకొచ్చి ఆ సంగతి జయమ్మకే సంతోషంగా చెప్పింది. జయమ్మ ఆ రోజు ఏమందంటే, మంచిది అంది. ఆ 'మంచిది' ఏడాదిగా జయమ్మ గొంతులో ముల్లులా ఉంది.

మొదట బాలమ్మ వేళ్ళు వంకర తిరిగాయి. అది జయమ్మ భరించింది, వేళ్ళే కదా అనుకుంది. నెల కిందట నంద్యాలలో డాక్టరమ్మ జయమ్మను ఒక చీకటి గదిలో పడుకోబెట్టించి, రొమ్ము కింద చల్లటి జిగురు రాయించి, గుండెకు స్కానింగు తీయించింది. తెర మీద బూడిదరంగులో ఏదో ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉంది. అది తన గుండేనని జయమ్మకు నమ్మకం కలగలేదు.

"ముడుచుకోవడం బాగానే ఉంది. వదులు కావడమే కొంచెం తక్కువైంది. వదులైతేనే కదమ్మా రక్తం నిండేది," అంది డాక్టరమ్మ. "ఇది వేళ్ళ జబ్బని అనుకోవద్దు. ఒళ్ళంతా ఉండే వాపు ఇది, గుండెను కూడా పట్టుకుంటుంది. నువ్వు మందులు వాడుతున్నావు కాబట్టి ఈ మాత్రం ఉంది. మానితే కష్టం."

తర్వాత వరసగా అడిగింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందా? పడుకుంటే ఊపిరాడక లేచి కూచుంటున్నావా? ఎన్ని దిండ్లు పెట్టుకుంటావు? ఒక్కటే అంది జయమ్మ. అంటూ ఉండగానే బాలమ్మ గుర్తొచ్చింది. మూడు దిండ్లు పెట్టుకున్నా నిద్ర పట్టడం లేదని, గోడకు ఆనుకుని తెల్లవారుస్తున్నానని బాలమ్మ అంతకు రెండు రోజుల ముందే చెప్పింది. దుమ్ము పనికి ఆయాసం రాక ఏమొస్తుందని షెడ్డులో అందరూ తేల్చేశారు. కాదని తెలిసిన మనిషి ఆళ్ళగడ్డ మొత్తానికి ఒక్క జయమ్మే.

ఆ సంగతి తెలిసి నెల అయింది. ఈ నెలలో ఒక్కరోజు కూడా, ఈరోజు చెప్పేస్తాను అనుకోకుండా జయమ్మ షెడ్డుకు రాలేదు. ఆదివారం పోనీ, సోమవారం చెబుదామనుకుంది. సోమవారం పక్కన మనుషులున్నారు. ఒకరోజు ఇద్దరే ఉన్నారు, ఆ రోజు బాలమ్మకు కొంచెం నయంగా ఉన్నట్టు కనిపించింది. సిగ్గుపడే మనిషికి సాకులకు కొదవా?

ఈరోజు వాళ్ళ ముందు లక్ష్మీదేవి విగ్రహం ఉంది. నాలుగడుగుల నల్లరాయి. రెండు రోజుల్లో పంపాలని విశ్వేశ్వరయ్య చెప్పాడు. బాలమ్మ కింద కూచుని పద్మం రేకులు రుద్దుతోంది. జయమ్మ నిలబడి అభయహస్తం పట్టుకుంది. ముందు కరుకు రాయి, తర్వాత సన్నరాయి, మధ్య మధ్య చెంబుతో నీళ్ళు. బూడిదరంగు బురద మోచేతుల దాకా కారుతుంది. వేళ్ళ సందుల్లో రుద్దడం షెడ్డులో జయమ్మకు తప్ప ఎవరికీ సరిగ్గా రాదు. అమ్మవారి వేళ్ళు తిన్నగా, నున్నగా, కణుపుల్లేకుండా ఉన్నాయి. వాటిని రుద్దుతున్నంతసేపూ తన చేతిని చూడకుండా ఉండడం జయమ్మ నేర్చుకుంది.

పదిన్నరకు బాలమ్మ చేతిలోంచి సానరాయి రెండుసార్లు జారింది. మూడోసారి జారినప్పుడు దాన్ని తీసుకోలేదు. విశ్వేశ్వరయ్య చూసి, పోయి నీడకు కూచోమన్నాడు. ఆయన మంచివాడే. బాలమ్మ లేచి, అర్ధగంట దూరం నడిచినంత కష్టంగా పది అడుగులు నడిచి, రేకుల గోడ దగ్గర ఇసుక కుప్ప మీద వాలింది. జయమ్మ చెంబుతో మంచినీళ్ళు తీసుకుని వెనకే పోయింది.

అప్పుడు కూడా నిజం రాలేదు. జయమ్మ నోట్లోంచి వచ్చింది ఇంకో అబద్ధం. మా అక్క ఊళ్ళో ఒకామెకు అచ్చం ఇట్లాగే ఉండేదని, నంద్యాలలో కీళ్ళ డాక్టరమ్మ చూసి గుండెకు మందులిచ్చిందని, ఇప్పుడు బాగుందని చెప్పింది. రేపు పొద్దున్నే పోయి వద్దామంది. లేని ఆమెకు తన రోగం అంతా అంటగట్టి చెబుతుంటే జయమ్మకు తన మీద తనకే రోత పుట్టింది.

బాలమ్మ నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"నాకు తెలుసులే అక్కా. ఇది మందులకు పోయేది కాదు," అంది. "నీకున్న విశ్వాసం నాకు ల్యా. అందుకే నీకు పోయింది, నాకు పోల్యా. నిన్ను చూస్తే సిగ్గయితాది నాకు. నీ పక్కన కూచోని ఇట్ల ఆయాసపడతాంటే, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

జయమ్మ ఇసుకలో ఆమె పక్కన కూచుంది. ఏడాదిగా ఈ మనిషి రాత్రుళ్ళు గోడకు ఆనుకుని కూచుని ఊపిరి కోసం కాదు, విశ్వాసం కోసం ఏడుస్తోంది. ఎవరి విశ్వాసం చూసి? తలుపు గడియ వేసుకుని పసుపు మాత్ర మింగే మనిషి విశ్వాసం చూసి. జయమ్మకు భూమి నోరు తెరిస్తే దూరిపోవాలనిపించింది. భూమి తెరుచుకోలేదు, షెడ్డులో రాళ్ళు కోసే మిషను ఆగి మళ్ళీ మొదలైంది.

"నాకు పోల్యా బాలమ్మా," అంది జయమ్మ. "నేను మాత్రలు ఏసుకుంటాండా."

బాలమ్మ తల తిప్పి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ. సాక్ష్యం చెప్పక ముందు నుంచీ."

"ఆదివారం గూడానా?"

"పెద్ద మాత్ర ఏసుకునేది ఆదివారమే."

తిడుతుందని జయమ్మ ఎదురు చూసింది, తిడితే బాగుండుననుకుంది. బాలమ్మ తన వంకర వేళ్ళ వైపు, జయమ్మ వంకర వేళ్ళ వైపు మార్చి మార్చి చూసింది. మూడేళ్ళుగా ప్రతి విగ్రహం మీదా పక్కపక్కనే పనిచేస్తున్నాయి ఈ నాలుగు చేతులూ. చూడాలనుకోకపోతే కళ్ళెదుట ఉన్నది కూడా కనిపించదు కాబోలు.

కాసేపటికి బాలమ్మ ముఖంలో ఏదో సడలింది. నవ్వు అనడానికి లేదు, అయితే నవ్వుకు దగ్గరగానే ఉంది.

"అయితే నా విశ్వాసం తక్కువేం కాదన్నమాట," అంది. మళ్ళీ ఊపిరి తీసుకుని, "ముందే చెప్పింటే బాగుండు గదక్కా," అంది.

ఆ రెండు మాటలే. బస్సు ఎన్నింటికని అడిగింది తర్వాత.

రేపటి దాకా ఎందుకని జయమ్మే తొందరపెట్టింది. విశ్వేశ్వరయ్య తన బండి మీద ఒకరి తర్వాత ఒకరిని బస్టాండుకు చేర్చాడు. ఆళ్ళగడ్డ ఆసుపత్రిలోనే ఒకసారి చూపించి పొమ్మని ఆయన అన్నాడు. బాలమ్మ ఒప్పుకోలేదు. కొడుకు అజయ్ కుమార్ నంద్యాలలో టైర్ల షాపులో పని చేస్తాడు, వాడిని చూసినట్టూ ఉంటుందంది. జయమ్మ కూడా గట్టిగా చెప్పలేదు. తన డాక్టరమ్మ దగ్గరికే తీసుకుపోయి, తన కార్డు తీసి చూపించి, ఈమెకు కూడా అన్ని పరీక్షలూ చేయమని అడగాలని ఆమె ఆత్రం. ఇన్నాళ్ళ తప్పును ఒక్క మధ్యాహ్నంలో సరిచేసుకోవాలని ఉంది. ఆ ఆత్రంలోనూ తన గురించిన ఆలోచనే ఎక్కువని తర్వాత తెలిసింది.

బస్సులో కండక్టరు ఆధార్ కార్డులు చూసి, ఆడవాళ్ళ ఉచిత టికెట్లు రెండు చించి ఇచ్చాడు. కిటికీ పక్క బాలమ్మను కూచోబెట్టింది. పాదాలు వాచి ఉన్నాయి, కాళ్ళకున్న రబ్బరు చెప్పుల పట్టీలు మాంసంలోకి దిగి ఉన్నాయి. బాలమ్మ ఒక కాలితో ఇంకో కాలి చెప్పు తోసేసి, పాదాలు చల్లటి బస్సు రేకు మీద ఆనించి, హాయిగా ఉందంది. కొడుకుకు ఫోను చేసి బస్టాండుకు రమ్మంది. ఏందీ విషయం అని వాడు అడిగితే, ఏమీలేదు, ఊరికేనే అంది.

శిరివెళ్ల దాటాక తల జయమ్మ భుజం మీద ఆనించింది. జయమ్మ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఇప్పుడు ఆగకుండా వస్తోంది. సూది సంగతి, బియ్యం డబ్బా సంగతి, గోస్పాడు అక్క పేరు చెప్పుకుని పోయిన ప్రయాణాలు, ఒక్క మాత్ర కూడా మింగలేదన్న మాట మొదటిసారి ఏ ఊళ్ళో దొర్లిందో. వచ్చే ఆదివారం చర్చిలో లేచి నిలబడి ఇదంతా చెబుతానంది. కుర్చీ వేసిన ఊళ్ళన్నిటికీ పోయి చెబుతానంది. బాలమ్మ ఊకొట్టలేదు. నిద్రపోయిందనుకుంది జయమ్మ. ఎన్ని రాత్రుల తర్వాతో ఇంత నెమ్మదిగా నిద్రపోతోందని, కదిలితే లేస్తుందేమోనని, తిమ్మిరెక్కిన భుజాన్ని అట్లాగే ఉంచింది. కిటికీలోంచి పొలాల గాలి వస్తోంది. బాలమ్మ ముంగురులు జయమ్మ మెడకు తగులుతున్నాయి.

నంద్యాల బస్టాండులో దిగమని భుజం తట్టినప్పుడు బాలమ్మ తల ముందుకు వాలిపోయింది.

తర్వాతివన్నీ తొందర తొందరగా జరిగాయి. కండక్టరు, ఇంకెవరో ఇద్దరు కలిసి దించారు. అజయ్ కుమార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు, చేతులకు టైర్ల నలుపు. ఆటోలో దగ్గరలో ఉన్న ఆసుపత్రికి పోయారు. కుర్ర డాక్టరు తీగలు తగిలించి, చాలాసేపు ఛాతీ నొక్కి, కాగితం మీద గీత చూసి, దారిలోనే పోయిందన్నాడు. నొప్పి తెలిసి ఉండదని కూడా అన్నాడు. అజయ్ కుమార్ గోడ పట్టుకుని నిలబడ్డాడు.

డాక్టరు కాగితం తీసుకుని వివరాలు అడిగాడు. పాత జబ్బులేమైనా ఉన్నాయా అన్నాడు.

"కీళ్ళవాతం ఉంది సార్. మాత్రలు ఏసుకుంటాండ్య," అన్నాడు అజయ్ కుమార్. వాడికి తెలియదు. తల్లి వాడికి చెప్పలేదు.

డాక్టరు రాయబోయాడు. జయమ్మ ఊరుకుంటే సరిపోయేది. సంగతి తెలిసిన రెండో మనిషి బల్ల మీద దుప్పటి కింద ఉంది. ఆళ్ళగడ్డలో ఏమీ మారదు, సాక్ష్యం జయమ్మ సాక్ష్యం జయమ్మగానే ఉంటుంది. ఆ ఆలోచన తనకు వచ్చినందుకు జయమ్మ బతికున్నన్నాళ్ళూ సిగ్గుపడుతుంది. వచ్చింది మాత్రం నిజం.

"ఏసుకోల్యా సార్," అంది. "ఏడాది అయింది మానేసి."

"ఎవరు మానమన్నారమ్మా?"

"నన్ను చూసి మానేసింది. ఒక్క మాత్ర మింగకుండా బాగయినానని నేను అందరికీ చెప్పినా. అది అబద్ధం సార్. నేను మింగుతానే ఉండా."

ఏడాదిగా మందులు వాడడం లేదని డాక్టరు ఒక్క ముక్క రాశాడు. మిగతాది రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు. అజయ్ కుమార్ జయమ్మ వైపు చూశాడు. కాగితాలు తీసుకుని వరండాలోకి పోయాడు. కృపావరానికి ఫోను చేస్తున్నట్టు వినిపించింది. ఆయన సాయంత్రానికి వస్తాడు. వీధి అంతా వస్తుంది. వాళ్ళందరికీ ఇదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాలి, ఈసారి మెరుగులేమీ దిద్దకుండా.

అప్పుడు చూసుకుంది, తన చేతిలో బాలమ్మ చెప్పులున్నాయి. బస్సు దిగేటప్పుడు సీటు కిందినుంచి ఎప్పుడు తీసుకుందో, ఆటోలో ఎట్లా పట్టుకుందో తెలియదు. వేళ్ళు వాటి చుట్టూ బిగుసుకుపోయాయి. ఒక్కొక్క వేలూ రెండో చేత్తో విడదీసుకుని, వంగి, చెప్పుల్ని బల్ల కింద నేల మీద పక్కపక్కన పెట్టింది. నీలం రబ్బరు మీద షెడ్డులోని బూడిదరంగు రాతిపొడి ఎండి పట్టి ఉంది, పాదం ఆనిన చోట మాత్రం అయిదు వేళ్ళ గుర్తులూ మడమ గుర్తూ నున్నగా అరిగి, నీలంగా ఉన్నాయి.